కింది మడతబందు

మూడు రోజుల ముసురు తర్వాత ఆ ఉదయం ఆకాశం తేటపడింది. కళింగపట్నం వైపు సముద్రం మీద మాత్రం ఒక్క మబ్బు ఇంకా కదల్లేదు.

"ఇయేళ తేటగా ఉన్నాది," అంది బుజ్జమ్మ వీధి గుమ్మంలో నిలబడి.

"తేటగా ఉన్నప్పుడే పని అవగొట్టీయాల. మళ్ళీ మూసుకుపోతే నా సేతుల్లో లేదు," అన్నాడు జగన్నాధం.

చుట్టుపక్కల ఊళ్ళకి నలభై ఏళ్ళు వైరింగు చేసిన మేస్త్రి ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకుని అరసవల్లిలో సొంత కొట్టు పెట్టుకున్న గిరిబాబు, కబురందగానే సామాను సంచితో వచ్చాడు. అప్పటికే జగన్నాధం పని వరుసంతా అంకెలేసి చాక్‌పీసుతో గోడ మీద రాసి ఉంచాడు. ఒక్కొక్కటీ అయ్యాక కొట్టేయడానికి.

"నువ్వు గుమ్మానికి బిగించిన అలారం పెట్టె ఏటయిందిరా?"

గిరిబాబు తల గోక్కున్నాడు. "ఇప్పీసేరండి. నాలుగు స్క్రూలూ గిన్నెలో ఏసి, వైరు కొసలకి టేపు సుట్టి మరీ బయటికెళ్ళేరు."

"ముసలాడు వైర్‌మేనురా. టేపు సుట్టకుండా ఒగ్గేస్తాడా?" జగన్నాధం నవ్వాడు. "ఎక్కడ దొరికేడు?"

"సముద్రంలో," అంది బుజ్జమ్మ. "మోకాల్లోతు నీళ్ళలో నిలబడిపోయి ఉన్నారు. పడవలోళ్ళు సూసి పట్టుకున్నారు. తెల్లారకుండా ఎప్పుడు లేచేరో, ఎప్పుడు గడియ తీసేరో నాకు తెలీనే లేదు. ఇంకోసారి ఎలితే..."

"ఎల్లడు."

జగన్నాధం తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. "తలుపు తెరిసేక మోగితే లాభం లేదు. గడియ మీద సెయ్యి పడగానే మోగాల. అంటే స్విచ్చి గడియ కింద, తలుపులోనే ఉండాల. అక్కణ్ణుంచి గుమ్మంలోకి వైరు కనపడకుండా దాటాల. కనపడితే ఆడు పీకేస్తాడు."

"బేటరీ గంటే కదండీ, పన్నెండు వోల్టులు. సన్న వైరు సాలు. పై మడతబందు ఎనకనుంచి లాగేద్దుం."

"ఆడి సెయ్యి ముందు అక్కడికే ఎల్తాది."

"పోనీ మజ్జిలోది?"

"అదీ తడుముతాడు. కింద ఎయ్యి."

గిరిబాబు బిత్తరపోయాడు. "గడప పక్కనా? వారం వారం కడిగి పసుపు రాస్తారు, నీళ్ళు దిగిపోవా? గడప జోలికి వైరు తీసుకెళ్ళినోడు వైర్‌మేనే కాడని మీరే కదండీ నా వీపు వాయగొట్టేరు!"

"ఆడూ అదే అనుకుంటాడు. అందుకే కింద."

"ఇది కూడా ఒక రోజు కనిపెట్టీసేరనుకోండి?"

"నిన్నటి సంగతి ఆడికి గుర్తుండదు. పాతవే గుర్తు. తల మర్సిపోనాది గానీ సేతులు మర్సిపోలేదు. ఇప్పుడు మనం ఓడించాల్సింది ఆ సేతుల్నిరా."

"అలాగనకండి గురువుగారూ." గిరిబాబు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడుపు తర్వాత. డ్రిల్లు పట్టు. ఆడు వచ్చేలోగా అయిపోవాల. గడియకి జానెడు కింద లోపల మేకున్నాది, తప్పించు."

గిరిబాబు మేకును తప్పించి, గడియ కింద బెజ్జం వేసి స్విచ్చి దించాడు. ఒంటి తీగ వైరు బయటికి తీస్తే జగన్నాధం చేతి మీద ఒక్కటి వేశాడు. "తలుపు నెల రోజులు తీసి మూస్తే ఇది పుటుక్కుమంటాది. పోగుల వైరు తియ్యి."

తలుపు అంచున ఉలితో సన్నటి గాడి తీశారు. వైరుకి రబ్బరు గొట్టం తొడిగి, కింది మడతబందు వెనకనుంచి గుమ్మంలోకి దాటించి, బుజ్జమ్మ మంచం తలాపున బిగించిన గంట దాకా లాగారు. తలుపు కదిలినప్పుడు లాగెయ్యకుండా గుమ్మం లోపల కొంచెం వదులు ఉంచారు. నీళ్ళు దిగకుండా కొవ్వొత్తి కరిగించి పోశారు. పైన రంపపు పొట్టు, జిగురు కలిపి మెత్తారు. ఈలోగా జగన్నాధం తన జేబులోనే ఉన్న టెస్టరు కోసం గిరిబాబు చేత రెండుసార్లు సంచంతా వెతికించాడు.

"ఇంక గడప మీద నీళ్ళు కుమ్మరించను. తడిగుడ్డతో తుడిసి పసుపు రాస్తాను," అంది బుజ్జమ్మ, ఎవరూ అడక్కుండానే.

నూరుసార్లు తలుపు తీసి మూశారు. వైరు తెగలేదు. గోడ మీద ఆఖరి అంకె కూడా కొట్టేశాక జగన్నాధం లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు నేను ఆణ్ణి. సూడండి."

కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి నేరుగా పై మడతబందుకి వెళ్ళింది. గోటితో గీకి చూశాడు. మధ్యది తడిమాడు. గుమ్మం పొడుగునా వేళ్ళు జరుపుకుంటూ నడుం దాకా వచ్చాడు. అంతకన్నా కిందికి వంగలేదు.

"ఏటీ లేదు," అని గొణిగి గడియ మీద చెయ్యి వేశాడు.

బుజ్జమ్మ మంచం తలాపున గంట గణగణలాడింది. గడియ పూర్తిగా జారేలోపే ఆమె వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఓడిపోనాడు!" జగన్నాధం రెండు చేతులూ పైకెత్తాడు. "ముసలాడు ఓడిపోనాడ్రా గిరీ!"

ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు తగ్గాక జగన్నాధం తడిగుడ్డ తీసుకుని గోడ మీది రాతంతా తుడిచేశాడు. "ఇదుంటే ఆడు సదివేస్తాడు."

బుజ్జమ్మ మూడే కంచాలు పెట్టి నెత్తళ్ళ చేపల పులుసు వడ్డించింది. సముద్రం మీది మబ్బు ఇంటి పైకి వచ్చేసింది. మూసి ఉన్న తలుపు వైపు ఒకసారి గర్వంగా చూసుకుని, జగన్నాధం ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆ ముసలాడు తానేనని ఆయనకి తెలుసు.