గ్రహణం నాటి చేపలు

"ఆపరేషన్ ముందు అబద్ధం చెప్పకూడదు కదండీ. తప్పు నాదే," అంది గంగారత్నం, మనవడి చీలిన పై పెదవిని కొంగుతో అద్దుతూ. "గ్రహణం పట్టిన పూట, బేరం పోతుందని కడుపుతో ఉన్న కోడలి చేత చేపలు కోయించాను."

పక్కనున్న కోడలు హేమ ఉలిక్కిపడింది. వద్దన్నా వినకుండా కోడలే కత్తిపీట ముందు కూర్చుందని వీధంతా చాటింది ఈ అత్తే.

"అప్పటికి ఎన్నో నెల?" అడిగింది డాక్టర్ నజీమా.

"ఏడో నెలండీ," అంది హేమ.

"పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి మధ్యలో అతుక్కునేది రెండో నెలలోనే అమ్మా. పూర్వం శాస్త్రజ్ఞులు పొదిగే కోడిగుడ్లు రోజుకొకటి పగలగొట్టి, లోపల పిల్ల ఎలా తయారవుతుందో చూశారు. అలా మొదలై, మన సంగతీ తెలిసింది. గ్రహణం నాటికే బాబు పెదవి ఇలా ఉంది. ఎవరి తప్పూ లేదు."

గంగారత్నం కిటికీలోంచి కనిపించే కొండకు చేతులు జోడించింది. "దుర్గమ్మ తల్లీ! క్షమించమని ప్రతి శుక్రవారం నీ మెట్లెక్కానే. చెయ్యని తప్పుకా?"

హేమ అత్త ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది.

గంగారత్నం జోడించిన చేతులు దించలేదు. అలాగే కోడలి వైపు తిరిగింది.

"నీ మీద నింద వేసింది మాత్రం చేసిన తప్పేనే, హేమా."

"నాకు తెలుసు అత్తా," అంది హేమ. "వీధిలో వాళ్లకి చెప్పు."