మూసుకోని రెక్కలు

గాలికి కోటా వచ్చాక ఆ టవర్‌లో ప్రతి ఇంటి గాలిగొట్టానికీ ఒక రెక్క, కోటా అయిపోగానే దాన్ని మూసే మోటారు వెలిశాయి. రెండింటినీ కలిపే కడ్డీ బిగించేది ఫిట్టర్ అప్పలకొండ. ఇరుగుపొరుగు బతిమాలితే కాదనలేక, అందరి రెక్కలూ తెరిచి ఉంచి కడ్డీ బోల్టులు వదులు చేశాడు. మోటారు తిరిగి, మూసేశానని గాలి బోర్డుకు కబురు పంపుతుంది, రెక్క కదలదు. తనిఖీవాళ్లు ముందు ఫిట్టర్ ఇల్లే చూస్తారు కనుక, తన కడ్డీ మాత్రం గట్టిగా బిగించాడు.

కోటా మీరని టవర్ ఇదొక్కటేనని బోర్డు అతనికి ప్రశంసాపత్రం ఇచ్చింది.

"మనది కూడా ఒదులు సేసీరాదేటి? ఊపిరాడక సత్తన్నాను," అంది భార్య నూకరత్నం.

"సేస్తే మాత్రం గాలెక్కడ్నుంచొస్తాది? పైనా కిందా ఆళ్లే లాగేసుకుంటన్నారు."

నూకరత్నం గోడ మీది ప్రశంసాపత్రం ఊడదీసి, దాంతోనే విసురుకోసాగింది.