చెప్పొద్దన్న మాట

కదిరి నుంచి వస్తున్న బస్సు, నల్లమాడ ఇంకా దూరం ఉండగానే, టైరు పేలి రోడ్డు పక్కన కూర్చుంది.

జయరాంకు ఒళ్లు మండింది. జైలు నుంచి బయటపడి ఇన్నాళ్లకు ఒక్క ఆట దొరికితే, అదీ టైరు పాలయ్యేలా ఉంది.

బ్యాగు భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. రెండు పక్కలా ఎండిపోయిన వేరుశనగ చేలు. నీడన్నది లేదు.

ఫోను మోగింది. నల్లమాడ కబడ్డీ టోర్నమెంటు పెద్ద గంగాధరప్ప.

"యాడున్నావప్పా? ఆటకు ముందర మైకులో క్షమాపణ చెప్పల్ల. ఫోన్లో పంపిన మాటలు చదివినావా?"

"చదివినా అన్నా. మరి ఓబిలేష్ వాళ్ల నాయన ఏమన్నాడు?"



"అది వచ్చినాంక మాట్లాడదాం. ఆయప్ప వద్దంటే మాత్రం నా చేతిలో ఏమీ లేదు. తొందరగా రా."



ఒక ఫైనల్లో ఒకే ఒక్క పాయింటు దగ్గర మొదలైన గొడవ, ఆట ముగిశాక బస్టాండులో ముదిరింది. జయరాం చేతికి రాయి దొరికింది. ఆ దెబ్బకు చచ్చిపోయిన ఓబిలేష్‌కు పంతొమ్మిదేళ్లు.

గుంతకల్లులో కబడ్డీ తెచ్చిపెట్టిన రైల్వే ఉద్యోగం, ఊరూరా ఉన్న పేరు, అన్నీ ఆ రాయితోనే పోయాయి. ఈరోజు ఆడనిస్తే మిగతా ఊళ్లూ పిలుస్తాయి. లేదంటే ఆటకు దండం పెట్టి ఇంట్లో కూర్చోవడమే.

ఓబిలేష్ తండ్రి చౌడప్ప అప్పట్లో బెంగళూరులో కూలి చేసేవాడు. కోర్టుకు పిల్లవాడి మేనమామే తిరిగాడు. ఆ తండ్రి ముఖం జయరాం ఏనాడూ చూడలేదు. చూసే ధైర్యమూ లేదు.

నల్లమాడ వైపు నుంచి ఒక పెద్దాయన మోపెడ్ మీద ఎదురొచ్చాడు. దుమ్ముకు ముఖం చుట్టూ తువ్వాలు కట్టుకున్నాడు. దాటిపోయి, ఆగి, వెనక్కి చూశాడు.

"నువ్వు జయరాం గదా? ఫ్లెక్సీల్లో ఉండావు."

"అవును పెద్దాయనా."

ఆయన చాలాసేపు చూశాడు. ఆ తర్వాత బండి వెనక్కి తిప్పాడు.

"ఎక్కు. గ్రౌండు కాడ దింపుతా."

"మీరు ఇట్ల పోతాంటిరి గదా?"

"ఒక మాట అడగల్లనుకుని, అడక్కుండానే వచ్చేసినా. ఎక్కు."

అదృష్టం తన్నుకొచ్చిందనుకుని జయరాం ఎక్కేశాడు.

"మైకులో ఏం చెప్తావప్పా?" కొంత దూరం పోయాక పెద్దాయన అడిగాడు.

జయరాం ఫోను తీసి చదివాడు. "క్రీడాభిమానులకు, కమిటీ పెద్దలకు, జిల్లా యువతకు నా హృదయపూర్వక క్షమాపణలు..."

"అంతమందికి ఏం చేసినావు నువ్వు?"

జయరాంకు సుర్రుమంది.

"బండెక్కించుకుని జడ్జి మాదిరి అడగొద్దు పెద్దాయనా. నా బాధ నాకుండాది."

అన్నాక జయరాంకే కాస్త సిగ్గనిపించింది. అయినా నోరు విప్పి ఒక మంచి మాట అనలేకపోయాడు.

పెద్దాయనే మళ్లీ అన్నాడు.

"కోపం చేసుకోవద్దప్పా. ఆ పిల్లోడు ఆఖర్న ఏమన్నా అన్నాడా?"

ఈ ప్రశ్న కోర్టులో ఏ లాయరూ అడగలేదు. జైల్లోనూ ఎవరూ అడగలేదు. ముఖాముఖి అయితే చెప్పేవాడు కాదేమో గాని, ముందున్నది వీపు కాబట్టి నోరు పెగిలింది.

"అన్నాడు. నెత్తురు తుడుచుకుంటా, 'మా నాయనకు చెప్పొద్దన్నా, దిగులు పడతాడు' అన్నాడు. అంత పెద్ద దెబ్బని వానికి తెలీలేదు. నాకు తెలిసింది. ఆస్పత్రికి మోసుకుపోయింటే బతికేటోడేమో. నేను పరిగెత్తిపోయినా."

బండి నెమ్మదించింది. రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది.

"పెట్రోలు అయిపోయిందా పెద్దాయనా?"

"లేదు. రవ్వంత తాళు."

"ఆటకు టైమయితాండాది."

"పోదాంలే."

గ్రౌండు గేటు దగ్గర బండి ఆగీ ఆగకముందే జయరాం దూకి, బట్టలు మార్చుకోవడానికి షామియానా వైపు పరిగెత్తాడు. వెనక్కి కూడా చూడలేదు.

గంగాధరప్ప పంపిన మాటలు మైకులో ఉన్నదున్నట్టే చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. చదువుతున్నంతసేపూ, ఓబిలేష్ తండ్రి ఎవరై ఉంటాడా అని జయరాం కళ్లు ముందు వరుస కుర్చీల్లోనే వెతికాయి. క్షమాపణ అయితే చెప్పాడు గాని, అది ఎవరికీ చేరినట్టు అనిపించలేదు.

దిగగానే గంగాధరప్ప వీపు తట్టాడు.

"పో, ఆడుపో. ఆయప్ప ఒప్పుకున్నాడు."

"నిజంగానా అన్నా?"

"పొద్దున వచ్చి ఒప్పుకోనన్నాడు. వాని మొగం చూసేకి కూడా నా చేత కాదని లేసిపోయినాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఇప్పుడే తిరిగొచ్చి 'ఆడనీయండి' అని ఒక్క మాట చెప్పిపోయినాడు."



"నన్ను పిలవల్ల గదన్నా. ఆయప్ప కాళ్లు పట్టుకునేటోన్ని. ఎట్లుంటాడో కూడా నాకు తెలీదు."

గంగాధరప్ప అతన్ని వింతగా చూశాడు.

"అదేందప్పా, బండి మీద ఎక్కించుకొచ్చి నిన్ను గేటు కాడ దింపిందే చౌడప్ప గదా."