గాదెలో సింహం

సైన్యం కొండెక్కి వస్తోందన్న కేక వినబడగానే, అడవి సింహమని తనకు తానే పేరు పెట్టుకున్న తిరుగుబాటు కమాండరు చొక్కా విప్పి పొయ్యిలో పారేసి, వంటపాకలోని బియ్యపు గాదెలో దూకాడు. మూత వెయ్యమన్నాడు. నోరు విప్పితే తన మనుషులు పీక కోస్తారని వంటామెను బెదిరించాడు కూడా. ఆ మనుషులు అప్పటికే తలో దారీ పట్టి కొండ దిగిపోయారు.

ఆమె మూత వేసింది. రెండు రోజులు వండిపెడితే చాలని ఆమెను ఇంట్లోంచి లాక్కొచ్చి మూడేళ్ళుగా వదలని మహానుభావుడు ఆయనే మరి.

అంతలో కెప్టెను వచ్చాడు. ఇరవైమందిని ముందు తోలి, ఏ అలికిడీ లేదని తేలాకనే గుమ్మం దాటిన శూరుడు.

"వాడెక్కడే ముసలీ?"

"అంత పెద్ద సింహం, ఉంటే కనబడడా బాబూ?"

దాచావని తేలితే వాడితోపాటు నిన్నూ కాల్చిపారేస్తానన్నాడు. ఉప్పుడబ్బా కూడా వదలకుండా వెతికి, చివరికి గాదె మూత మీద చెయ్యి వేశాడు.

అప్పుడే పెరట్లో తీగ మీద ఆరేసిన కమాండరు లాగు గాలికి కాళ్ళాడించింది. దాన్ని చూసి జడుసుకుని ఒక సైనికుడు కాల్చాడు. వాడు కాల్చాడని పక్కవాడు, పక్కవాడు కాల్చాడని మిగతావాళ్ళు. ఆ లాగుకు తప్ప అన్నిటికీ చిల్లులు పడ్డాయి.

కెప్టెను ముఖాన నెత్తురుచుక్క లేదు. శత్రువులు చుట్టుముట్టారని గొణుగుతూ నక్షత్రాల చొక్కా ఊడబెరికి కిటికీలోంచి విసిరేసి, కళ్ళు మూసుకుని ఒక్క గెంతులో తనూ గాదెలో పడ్డాడు.

"మూత వెయ్యి తల్లీ."

ఇందాకటి ముసలి అప్పుడే తల్లయింది. ఆమె మూత వేసి, చెవి ఆనించి వింది. చీకట్లో ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో, లోపల బియ్యం గలగలమంది.

"అయ్యా, కాల్చకండి. నేను ఉత్త వంటవాణ్ణి," అంది సింహం గొంతు.

"బాబ్బాబు, నేనూ వంటవాణ్ణే," అంది కెప్టెను గొంతు.

బయట సైనికులింకా బోర్లా పడుకుని లాగుకే గురిపెట్టి ఉన్నారు. ఆమె గరిటె తీసి గాదె మూత మీద పెట్టింది.

"ఇద్దరు వంటవాళ్ళున్నారుగా, ఇక నాతో పనేముంది," అని ఇంటిదారి పట్టింది.