ముడి మీద ముడి

పొద్దున్నే శ్రీహరి జైలు నేత షెడ్డులోకి వచ్చేసరికి ఆరో నంబరు మగ్గం మీద తెగిన పోగులన్నీ అతికి ఉన్నాయి.

నిన్న వాటిని తెంపింది అతనే. కావాలని కాదు, నేత రాక.

ఆటోతో ఒకరిని గుద్దిన కేసులో రెండేళ్ల శిక్ష. జైల్లో పని బాగుంటే కొన్ని నెలలు తగ్గుతుందన్నారు. మెట్‌పల్లిలో తల్లి బాలలక్ష్మి ఒక్కతే ఉంది. ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు.

"గా మగ్గానికి దయ్యమున్నది," అన్నాడు పక్క మగ్గం పరశురాములు. "ముందల దాని మీద నేసినోడు ఈడనే సచ్చిండు."

పని చేసిపెట్టే దయ్యాన్ని ఎవరు వద్దంటారు? ఆనాటి నుంచి శ్రీహరి సాయంత్రం మగ్గానికి దండం పెట్టి, రెండు బిస్కెట్లు ఉంచి పోయేవాడు. పొద్దుటికి పోగులు అతికి ఉండేవి. బిస్కెట్లలో ఒకటి అతనికి మిగిలేది.

రోజూ అందరికంటే ముందు వచ్చి షెడ్డు ఊడ్చే తాత ఇదంతా చూస్తుండేవాడు. చేతులు వణికి చీపురే సరిగ్గా పట్టలేడు. ఆయన పేరు ఎవరూ అడగలేదు. ములాఖాత్‌కు ఆయన కోసం ఎవరూ రారు.

"తాతా, దయ్యాన్ని ఎన్నడన్న సూసినవా?" అన్నాడు శ్రీహరి.

"సూసిన. పాపం, ఒక్కతీరుగ నిన్నే సూస్తది."

శ్రీహరి నవ్వాడు.

"నేత ఎందుకు నేర్వలేదు బిడ్డా?"

"మా బాపు నేర్పకముందే, నా సిన్నప్పుడే మగ్గం పనికి భివండి పోయిండు. మల్ల రాలే."

"అవ్వ మంచిగున్నదా?"

"నీకెందుకు తాతా? నీ చీపురు నువ్వు సూసుకో."

తాత చీపురు అందుకుని ఆరో మగ్గం కింద ఊడ్చాడు.

ఒక ఆదివారం ఆయన జైలు ఆస్పత్రిలో చనిపోయాడు. ఎవరూ రాకపోతే జైలువాళ్లే మట్టి చేశారు.

సోమవారం ఊడ్చే పని శ్రీహరికి పడింది. శనివారం సాయంత్రం వేసిన తాళం తీయగానే లోపల అడుగుపెట్టిన మొదటి మనిషి అతనే. శనివారం తెగిన పోగు అతికి ఉంది.

బిస్కెట్లు రెండూ అలాగే ఉన్నాయి.

ఆ మర్నాటి నుంచి తెగిన పోగు తెగినట్టే ఉండిపోయింది. అప్పటికి అతను నేస్తున్న దుప్పటి పూర్తి కావచ్చింది.

శిక్ష మూడు నెలలు తగ్గింది. విడుదలై వచ్చేటప్పుడు జైలు దుకాణంలో ఆ దుప్పటే కొని తెచ్చి తల్లికి కప్పాడు.

బాలలక్ష్మి దాన్ని వేళ్లతో తడిమింది. నేతింటి ఆడమనిషి, చేయి ముళ్ల దగ్గరే ఆగింది.

"గీ పోగులు ఎవలు అతికిండ్రు?"

"దయ్యం అవ్వా," అని నవ్వాడు శ్రీహరి.

ఆమె నవ్వలేదు. దుప్పటిని గుండెకు హత్తుకుంది.

"నేసేటోళ్లు ఒక్క ముడే ఏస్తరు. ఊడిపోతదేమో అని భయపడి, గిట్ల ముడి మీద ముడేసేటోడు మన వాడకట్టుల ఒక్కడే ఉండె," అంది. "మీ బాపు, బిడ్డా."