సారు గారి నడక

"ఈ మామ్మగారి నడక చూసి, ఏ కండరం మొండికేసిందో చెప్పు. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది నా మొహమే చూడాలి," అన్నారు ప్రాక్టికల్ పరీక్షలో ఫిజియోథెరపీ సారు నాతో.

మామ్మగారు చెప్పులేసుకుని వరండాలో నడిచింది. మోకాళ్లు కొంగలా ఎత్తుతోంది. పాదాలు టపటపా నేలను కొడుతున్నాయి.

"పాదాన్ని పైకి లేపే ముంగాలి కండరం బలహీనం సార్. వేళ్లు నేలకు తగలకుండా మోకాలు ఎక్కువ వంచుతున్నారు."

"భేష్! మంచి నడకలో ముందు మడమ ఆనాలి, మోకాలు కాస్త వంగాలి, చివర్లో పిక్క నేలను వెనక్కి తొయ్యాలి. ఇదిగో, నన్ను చూడు."

సారు దర్జాగా నడిచారు. నా నోరు ఊరుకోలేదు.

"సార్, మీ మడమ ఆనట్లేదు. మునివేళ్ల మీద నడుస్తున్నారు. పిక్క బిగుసుకుపోయింది."

సారు మొహం మాడిపోయింది. నా పరీక్ష గంగలో కలిసిందనుకున్నాను.

"ఇద్దరికీ ఏ రోగమూ లేదమ్మా," అంది మామ్మగారు. "సారు హడావిడిలో నా చెప్పులు తొడుక్కున్నారు. అడగడానికి మొహమాటమేసి, మిగిలిన ఆయనవి నేనేసుకున్నాను."

ఇద్దరం కిందకి చూశాం. కండరాల ధ్యాసలో పడి చెప్పుల సంగతి ఇప్పటిదాకా గమనించనేలేదు. సారు మడమలు చెప్పుల వెనక వేలాడుతున్నాయి.

సారు చెప్పులు విడిచి, నా చెవిలో గొణిగారు. "నువ్వు పాస్. ఈ సంగతి గడప దాటకూడదు."

"సంతోషం బాబూ," అంది మామ్మగారు. "ఇప్పుడైనా నా భుజం చూస్తారా? పొద్దున దానికే వచ్చాను."