కోచ్‌గారి చదివింపులు

“వచ్చేశాయి చైతూ! నాలుగు వేలూ వచ్చేశాయి!”

ఫోను ఊపుకుంటూ శ్రీపతి వంటింట్లోకి దూకాడు. పెనం మీద అట్టు సంగతి మరిచిపోయి చైత్ర అతని మెడకు చుట్టుకుంది.

“ఇక మన వంటిల్లు, మన పోపుల డబ్బా!”

వాళ్లది కొత్త కాపురం. పరాయి దేశంలో, టూంగాబీ అనే శివారు పేటలో ఒక గది, ఇంకో కుటుంబంతో పంచుకునే వంటిల్లు. ఆ డాలర్లు ఓ చిన్న ఫ్లాటు అద్దెకి తీసుకుని బాండ్, అంటే అడ్వాన్సు, కట్టడానికి దాచుకున్నవి. క్లబ్బు పోటీల్లో గెలిచి రెట్టింపు చేద్దామని శ్రీపతి వాటిని పోకర్ పేకాట నేర్పే కోచ్ విజయభాస్కర్ చేతిలో పోశాడు.

“అతను ఓడిపోయిన ఆటలు కూడా చూపించమన్నావా?” అని చైత్ర ముందే అడిగింది.

“భీమవరం వాడే! మనవాడు మోసం చేస్తాడా?”

ఆ మనవాడు కార్డుతో కట్టనివ్వలేదు. “మనలో మనకి కార్డులేంటి తమ్ముడూ? బ్యాంకులో వేసి, పెళ్లి చదివింపులని రాసెయ్. ట్యాక్స్ గొడవుండదు.”

ఆ ‘తమ్ముడూ’ అన్న పిలుపు డబ్బు పడేదాకానే. ఒక్క క్లాసూ చెప్పలేదు. రిఫండ్ అడిగితే బ్లాక్ చేశాడు. బ్యాంకువాళ్లేమో, “పెళ్లి కానుకని మీరే రాశారుగా, వెనక్కెలా ఇప్పిస్తాం?” అన్నారు.

పోయిన శనివారం ఎవరో పెద్దావిడ తలుపు కొట్టింది.

“పేకాట కోచ్‌కి డబ్బు కట్టింది మీరేనా అమ్మా? తెలుగువాళ్ల గ్రూపులో మీ గోడు చూశాను. ఏ అకౌంటు నుంచి కట్టారు?”

“మీరెవరు ఆంటీ?”

ఆవిడ తల దించుకుంది. “అది అడక్కమ్మా.”

“వాడి ఏజెంటే!” శ్రీపతి బ్యాంకు కాగితం ఆవిడ ముఖం మీదికి చాపాడు. “చూసుకోండి! పరాయి డబ్బు ఎలా అరుగుతోందో ఆ వెధవనడగండి!”

ఆవిడ అందులోని అకౌంటు అంకెలన్నీ ఫోనులో ఎక్కించుకుంది. మంచినీళ్లడిగింది.

“బయట ట్యాప్ ఉంది” అంది చైత్ర రోతగా.

ఆవిడ వెళ్తుంటే శ్రీపతి ఫొటో తీసి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టాడు: ‘ఈవిడొస్తే తలుపు తీయకండి. దొంగల ముఠా.’

ఇప్పుడతను మీసం దువ్వుకున్నాడు. “పోలీసులంటే దడుచుకుని పంపాడు!”

“ఛీ, వాడి చేతి డబ్బు ముట్టుకోవాలంటేనే అసహ్యం. ఏదీ, చూడనీ.” చైత్ర ఫోను లాక్కుంది. “పంపింది వాడు కాదు. ఎవరో సుగుణ అట.”

గ్రూపులో అడిగారు. తమలాగే మోసపోయిన భానుశ్రీ వెంటనే ఫోన్ చేసింది.

“మాకూ ఆవిడే వేసిందండీ. మీరు ఫొటో పెట్టారు చూడండి, ఆవిడే సుగుణాంటీ. విజిటర్ వీసా మీద వచ్చింది. ఒంటి మీది బంగారమంతా అమ్మేసి అందరికీ కడుతోంది.”

శ్రీపతి మీసం మీది చెయ్యి జారింది. “ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకుంటాం.”

“తలుపు తీయదండీ. మీ ఫొటో చూసినప్పట్నుంచి ఎవరెళ్లినా తీయట్లేదు. ఫోన్లోనే మాట్లాడుతోంది.”

“మనందరి కోసం ఆవిడెందుకు కట్టడం?” చైత్ర అడిగింది.

భానుశ్రీ గొంతు తగ్గించింది.

“రేపు పొద్దున నన్ను పోలీస్ స్టేషన్‌కి తోడు రమ్మందండీ, కన్నకొడుకు విజయభాస్కర్ మీద తనే కంప్లైంట్ ఇస్తుందట.”